ముంబైలో సినిమా ఇల్లు

ముంబై వెళ్తే పెడ్డర్ రోడ్డులో ఒక పూట గడపండి. భారతీయ సినిమా జాతీయ మ్యూజియం అక్కడే ఉంది. 2019లో తెరిచారు.

ముందు పాత బంగళా చూడండి. పేరు గుల్షన్ మహల్. మూకీల నుంచి టాకీల దాకా చరిత్రంతా అందులోనే. అసలు తెరకు మాట ఎలా వచ్చిందనుకున్నారు? 1931 నాటి తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ సంగతే వినండి. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. పగలంతా రైళ్ల చప్పుడు. నటుల మాట అక్కడికక్కడే రికార్డు కావాలి. డబ్బింగ్ లేదు మరి! అందుకే ఎక్కువగా రాత్రిళ్లు తీశారు. మైకులు కెమెరాకు కనబడకుండా దాచారు. ఎంత ఓపిక! మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా ముంబైలోనే తయారైంది.

గుల్షన్ మహల్ చూశాకే పక్కనున్న కొత్త భవనం. సాంకేతికత కథ అక్కడ. పిల్లలకు ప్రత్యేకంగా స్టూడియో ఉంది. వాళ్లనూ తీసుకెళ్లండి. మళ్లీ చెబుతున్నాను, ముందు గుల్షన్ మహల్, తర్వాత కొత్త భవనం.