ఒటెపా గురువుగారి ఇల్లు



ఈ శతవార్షికోత్సవ దినములలో మన సంఘముల చరిత్రను పెద్దలు పలువురు చెప్పియున్నారు. ఈ సాయంకాలము మనము బహు దూరముననున్న ఒక చిన్న ఊరి చరిత్రను చూచెదము. ఒక గురువుగారి ఇల్లు ఒక జాతికి ఏమి కాగలదో అక్కడ కనబడును.

బాల్టిక్ సముద్రతీరముననున్న ఎస్తోనియా దేశపు దక్షిణ భాగములో ఒటెపా కలదు. పట్టణమను పేరే గాని జనాభా సుమారు రెండు వేలు. ఆ పేరునకు ఎలుగుబంటి తల అని అర్థము. అక్కడి కొండ ఆకారమును బట్టి వచ్చినదందురు. రష్యనుల వృత్తాంతములలో 1116లోనే దీని ప్రస్తావన కలదు. 13వ శతాబ్దారంభమున జర్మను యోధులు కత్తితో కూడ సిలువను తెచ్చిరి. బిషప్పు ఆ కొండమీదనే కోట కట్టించెను. సువార్త అట్లు రాదగినది కాదని మనము దాచక చెప్పుకొనవలెను. కోట నేడు శిథిలము.

తరువాత అనేక తరములు ఎస్తోనియా రైతులు జర్మను జమీందారుల చేతిక్రింద బ్రదికిరి. దొరల భాష వేరు, రైతుల భాష వేరు. 1686లో దక్షిణ ఎస్తోనియా వారి మాటలో క్రొత్త నిబంధన అచ్చయ్యెను. దానికి పాటుపడిన తండ్రి కుమారులలో కుమారుడైన ఆద్రియన్ విర్గీనియస్ అటుపిమ్మట ఒటెపాలో గురువైయుండెను. యుద్ధకాలమున, 1706లో, రష్యనులు ఆయనకు మరణశిక్ష విధించిరి.

1872 నుండి 1880 వరకు ఇక్కడ గురువుగానున్న యాకోబ్ హర్ట్ ఎస్తోనియా జాతివాడే. ఆ కాలమున గురువులలో అనేకులు జర్మనులు. ఆయన ఒటెపా విడిచిన తరువాత, 1888లో, ప్రజల నోటనున్న పాత పాటలు, కథలు వ్రాసి పంపుడని పత్రికలద్వారా వేడుకొనెను. వెయ్యిమందికి పైగా వ్రాసి పంపిరి. లక్షకు మించిన పుటలు చేరెను. పామరుల పాటలను చిన్నచూపు చూచు బోధకులు మనలోను లేకపోలేదు. హర్టుగారు అట్టివారు కారు.

1884 జూన్ 4న టార్టూ విశ్వవిద్యాలయపు ఎస్తోనియా విద్యార్థులు నీలము, నలుపు, తెలుపు రంగుల పట్టు జెండాను ఒటెపాకు తెచ్చిరి. గురువుగారి ఇంటి హాలులో దానిని ప్రతిష్ఠించిరి. అప్పుడు అది ఒక విద్యార్థి సంఘపు జెండా మాత్రమే. 1918లో దేశము స్వతంత్రమైన పిమ్మట అదే దేశపు జెండా అయినది. 1934లో, ఏబదియేండ్ల జ్ఞాపకార్థము, ఒటెపా లూథరన్ దేవాలయపు గోడకు శిల్పఫలకములు అమర్చిరి.

1940లో సోవియట్ పాలన వచ్చెను. జెండా నిషేధింపబడెను. 1950లో ఫలకములను నాశనము చేసిరి. మొదటి జెండాను మాత్రము 1943లోనే ఒక పొలములోని ఇంటి పొగగొట్టపు గోడలో దాచియుంచిరి. పొయ్యి వెలిగించినప్పుడెల్ల ఆ ఇంటివారి గుండె ఎట్లుండెనో ఊహింపవచ్చును! 1989లో ఫలకములు మరల గోడకెక్కెను. 1991లో దేశము తిరిగి స్వతంత్రమాయెను. అటుపిమ్మట జెండాను గోడలోనుండి తీసిరి.

నేటి ఒటెపా మంచుమీద జారు పందెములకు పేరుపొందినది. దానిని శీతకాలపు రాజధాని అందురు. దగ్గరనే 'పవిత్ర సరస్సు' అను సరస్సు కలదు. మన దేశమున ఆశ్రయము పొందిన దలైలామాగారు 1991లో ఆ ఒడ్డుకు వచ్చిరి. ఆ దేశమున దేవాలయమునకు వెళ్లువారు నేడు కొద్దిమందియే. అయినను జూన్ 4 దేశమంతట జెండా దినము. మొదటి పట్టు జెండా టార్టూలోని జాతీయ మ్యూజియములో భద్రముగానున్నది.