నెలలు నిండని బిడ్డకు పాలు పట్టడం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పాతబస్తీ ఇళ్ళలో కాన్పు కాగానే దాదీలు, నానీలు అడిగే మొదటి మాట "బిడ్డ ఎన్ని పాలు తాగింది?" అని. కాని 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో అడగవలసింది "ఎట్లా తాగుతున్నది?" అని. ఆ తేడాలో ప్రాణం ఉన్నది.

చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం - ఈ మూడూ వరుస తప్పకుండా జరగాలి. మింగే క్షణంలో ఊపిరి ఆగి మళ్ళీ సాగాలి. ఈ పొందిక సుమారు 34 వారాలకు గాని కుదరదు. అంతకుముందు పుట్టిన బిడ్డకు ఆసుపత్రిలో సన్నని గొట్టం ద్వారా పాలు పోస్తారు. తల్లులు బెంగపడవద్దు. మీరు పిండి ఇచ్చిన పాలే అందులో పోస్తారు. ముర్రుపాలు ఒక్క చుక్క కూడా పారబోయకండి.

రొమ్ము పట్టిన తరువాత బిడ్డ ముఖం చూస్తూ ఉండండి. మాటలు రాని బిడ్డ ఒంటితో మాట్లాడుతుంది. చేయి నోటికి తెచ్చుకుంటే ఆకలి. వేళ్ళు చాపి బిగుసుకున్నా, నుదురు ముడిచినా, ముఖం తిప్పుకున్నా, పాలు పెదవి పక్కనుంచి కారినా "అమ్మీ, కాస్త ఆగు" అన్నమాట. అప్పుడు ఆపి, నిటారుగా పట్టుకొని, ఊపిరి కుదుటపడనివ్వాలి. పెదవులు నీలమైనా, ఊపిరి ఆగినట్లున్నా వెంటనే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. మగతగా ఉన్న బిడ్డ గొంతులో ఉగ్గుగిన్నెతో పాలు పోయడం ప్రమాదం. ఘుట్టీ వద్దు. ఏడాది లోపు తేనె అసలే వద్దు. తహ్నీక్ చేయదలచినవారు కూడా ముందుగా డాక్టరును అడగాలి.

1970ల చివర కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక, డాక్టర్లు ఇటువంటి బిడ్డలను తల్లి ఎదపై ఒంటికి ఒళ్ళు తగిలేటట్లు కట్టి ఉంచారు. బిడ్డకు వెచ్చదనం, తల్లికి పాలు, రెండూ సమకూరాయి. దీనినే కంగారూ పద్ధతి అంటారు. పుట్టిన వెంటనే మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 24 గంటలు ఇట్లా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

మనకు చిల్లా ఆచారం ఉండనే ఉన్నది. ఆ 40 రోజులు బాలింతకు వంటపని చెప్పకండి. బిడ్డను చేతులు మార్చి ఎత్తుకోకండి. తల్లి అలసినప్పుడు తండ్రి తన ఎదపై పడుకోబెట్టుకోవచ్చు, అందులో సిగ్గు లేదు.

ఆసుపత్రి బిడ్డను బ్రతికించి ఇంటికి పంపుతుంది. ఇంట్లో తొందరపెట్టకుండా తల్లీబిడ్డలను కలిపి ఉంచడం మన బాధ్యత. సెలవు. ఖుదా హాఫిజ్.