శిక్షణ కావాలి, కూలి పోకూడదు



మీటింగు, పొదుపు, అప్పు, వాయిదా, పుస్తకాలు అని పంచసూత్రాలు నేర్చుకుని సంఘం నడుపుకుంటున్నాం. మినిట్స్ పుస్తకం రాయడం వచ్చిందనుకునేలోపే ఫోనులో యాప్ వచ్చింది. అది మారినప్పుడల్లా మళ్లీ ట్రైనింగే. మండలానికి పోతే ఆ రోజు కూలి పోయినట్టే. నాట్ల రోజుల్లో అయితే ముఠాలో మన చోటు కూడా పోతుంది. పోకపోతే మన లెక్క ఇంకొకరి చేతిలో పడుతుంది. ఒకసారి అట్లాగే మా వాయిదా వేరే సంఘం పేరున ఎక్కింది. సరిచేయించుకోవడానికి రెండు నెలలు తిరిగాం.

అందుకే నేర్చుకోవడం మానుకోం. కానీ శిక్షణ మన ఊళ్లోనే, సాయంత్రం పూట పెట్టాలి. మండలానికి పిలిస్తే ఛార్జీలతో పాటు రోజు కూలి ఇవ్వాలి. లీడర్లతో పాటు ఇంకో ఇద్దరు సభ్యులకు కూడా నేర్పాలి. ఈ మూడూ తీర్మానంలో రాయమని సమాఖ్యను అడుగుతున్నాం.