అంబాసిడర్ ఇంజన్ నుంచి ఆయిల్ ఎందుకు కారుతుంది?

(హల్దియాపదర్‌లో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక మోటారు మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని ట్రస్టు వారు అడిగారు. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. నాకు తెలిసిన పాఠం ఇంజన్ ఒక్కటే. మీలో కొందరు ఐటీఐలో, డిప్లొమాలో మోటారు విభాగంలో చేరుతున్నారు కాబట్టి అదే చెబుతాను. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. బండ్లు మాత్రం పోలేదు. మన బరంపురం చుట్టుపక్కల ముచ్చటపడి దాచుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళందరిదీ ఒకటే ఫిర్యాదు, బండి నిలబెట్టిన చోట తెల్లారేసరికి నల్ల మరక.

అమ్మలకు ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది. కుక్కర్ విజిల్ రంధ్రంలో పప్పు అడ్డుపడితే ఆవిరి గాస్కెట్ పక్కనుంచి చిమ్ముతుంది. అప్పుడు కొత్త గాస్కెట్ కొనుక్కొస్తే ఏం లాభం? ముందు రంధ్రం శుభ్రం చెయ్యాలి.

ఇంజన్‌లోనూ అంతే. పెట్రోలు మండినప్పుడు పుట్టే గ్యాసు అంతా పిస్టన్‌ను తొయ్యదు. కొంత రింగుల పక్కనుంచి కిందికి, క్రాంక్ కేసులోకి దిగుతుంది. దీన్నే మా షెడ్లలో బ్యాక్ కంప్రెషన్ అంటాం. కొత్త ఇంజన్‌లోనూ ఇది కొద్దిగా ఉంటుంది. ఆ గ్యాసు బయటికి పోవడానికి పాత 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌కు రెండు దార్లు ఉన్నాయి. పై ట్యాపెట్ కవరు నుంచి ఎయిర్ ఫిల్టరుకు వెళ్ళే రబ్బరు గొట్టం ఒకటి. ఇంజన్ పక్క కవరు నుంచి నేల వైపుకు దిగే బ్రీదర్ పైపు రెండోది. బండి పరుగెత్తుతుంటే కింద గాలి వేగానికి ఆ పైపు చివర లాగుడు పుడుతుంది. బండి నిలబడి ఉంటే లాగుడు లేదు.

ఈ దార్లు మూసుకుపోతే లోపలి ఒత్తిడి ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిల్‌ను తోసేస్తుంది. ఈ ఇంజన్‌కు ఇంకో విశేషం ఉంది. వెనక వైపు, ఫ్లైవీల్ దగ్గర, క్రాంక్ షాఫ్టుకు రబ్బరు సీలు లేదు. షాఫ్టు మీద మరలాంటి గాడి కోసి ఉంటుంది. తిరుగుతున్నప్పుడు ఆ గాడి ఆయిల్‌ను వెనక్కి లోపలికి తోడుతుంది. లోపల ఒత్తిడి పెరిగితే పాపం గాడి ఎంతని తోడుతుంది? అందుకే కారడం ముందుగా అక్కడ కనబడుతుంది, మెకానిక్కు కూడా ముందుగా అక్కడే చెయ్యి పెడతాడు.

నేనూ అలాగే పెట్టాను. నా తొలి రోజుల్లో ఒక టాక్సీ ఆయన వచ్చాడు. జబ్బు చేసి మూడు నెలలు బండి తియ్యలేదు. మళ్ళీ తీసేసరికి వెనక నుంచి ధారగా ఆయిల్. అమ్మాయిని కాలేజీలో చేర్చాలి బాబూ, తొందరగా చెయ్యి అన్నాడు. నేను ఇంజన్ దించి వెనక ప్యాకింగులన్నీ మార్చాను. పది రోజులు పట్టింది. తాప్తపాణి ఘాటీ ఒకసారి ఎక్కి దిగాడో లేదో, మళ్ళీ అదే ధార.

చివరికి ఒక ముసలి మేస్త్రి వచ్చి, నాతో మాటైనా ఆడకుండా బ్రీదర్ పైపు ఊడదీసి ఇనుప తీగ పెట్టి పొడిచాడు. పొడి మట్టి రాలింది. బండి నిలబడి ఉన్న రోజుల్లో కుమ్మరి పురుగు అందులో గూడు కట్టుకుంది. పై గొట్టం లోపల రబ్బరు ఉబ్బి అదీ మూసుకుపోయింది. రెండూ బాగుచెయ్యడానికి అరగంట పట్టలేదు. నేను కూలి డబ్బు తిరిగి ఇచ్చేశాను. పోయిన పది రోజుల కిరాయి ఎవరిస్తారు? ఆ ఏడు ఫీజుకు ఆయన అప్పు చేశాడు.

కాబట్టి వరస ఇది. ముందు ఇంజన్ కడిగి, ఆరనిచ్చి, కొద్ది దూరం నడిపి చూడండి. ఆయిల్ కిందికీ వెనక్కీ జారుతుంది, గాలి దాన్ని చిమ్ముతుంది. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు తడిసిన చోటే మొదలు. అనుమానం ఉన్న చోట టాల్కమ్ పౌడరు చల్లితే గీత పడుతుంది. డిప్‌స్టిక్కుతో ఆయిల్ మట్టం కూడా చూడండి, ఎక్కువ పోసినా కారుతుంది.

తరవాత బ్రీదర్లు. రెండూ ఊడదీసి, నోటితో కాదు, పంపుతో గాలి కొట్టి చూడాలి. ఆ తరవాతే ఒత్తిడి కొలవాలి. సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని యూ ఆకారంలో వంచి, సగం దాకా నీళ్ళు పోసి, ఒక కొసను డిప్‌స్టిక్కు రంధ్రానికి గాలి పోకుండా బిగించండి. ఇంజన్ నడుస్తుంటే రెండు వైపులా నీటి మట్టంలో తేడా ఎంతో అదే లోపలి ఒత్తిడి. ఒక పీఎస్ఐ అంటే సుమారు 70 సెంటీమీటర్ల నీరు. మనం వెతికేది అందులో చిన్న భాగం, టైరు గేజికి అందదు. డాష్‌బోర్డు మీద కనిపించే ఆయిల్ ప్రెషర్ వేరు, ఇది వేరు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడే మెకానిక్కులు చాలామంది ఉన్నారు.

బ్రీదర్లు తెరిచి ఉన్నా, రేస్ ఇచ్చినప్పుడు నీరు లేస్తూంటే అప్పుడు రింగుల మీద అనుమానపడాలి. ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండరు కంప్రెషన్ రాసుకోండి. తక్కువ వచ్చినదాంట్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ ప్యాకింగో. ఇంజన్ దించాలా వద్దా అన్నది ఇక్కడ తేలుతుంది, అంతకుముందు కాదు.

ఎక్కువ మాట్లాడాను, పెద్దలు క్షమించాలి. నా బండి బయట వేపచెట్టు కింద ఉంది, గొట్టం కూడా తెచ్చాను. సభ అయ్యాక చూడాలనుకున్నవాళ్ళు రండి. అమ్మాయిలూ రావాలి, చున్నీలు ఫ్యానుకు దూరంగా బిగించుకుని రండి. తెల్ల చొక్కాల వాళ్ళు చేతులు మడుచుకోండి.