అరువు మాటలను లెక్కపెడితే చాలదు

మిత్రులు నన్ను పరిచయం చేస్తూ, న్యూగినీలో ఎవరితోనూ కలవకుండా బతికిన ‘పపువన్ భాష’ గురించి చెబుతానన్నారు. అభిమానంతో అన్న మాటే, కానీ అలాంటి భాషే లేదు! ఆస్ట్రోనేషియన్ ఒక భాషా కుటుంబం. ఆ చుట్టుపక్కల దానిలో చేరని, తమలో తమకూ చుట్టరికం రుజువుకాని అనేక కుటుంబాలకు కలిపి పెట్టిన పేరు పపువన్. ఇక ఎవరితోనూ కలవలేదా? ఆస్ట్రోనేషియన్లు పడవల్లో వచ్చి 3,000 ఏళ్లు దాటింది.

ఇండోనేషియాలో ఆలోర్, పంతార్ దీవుల పపువన్ భాషలు విడిపోకముందే, పంది పేరు ఆస్ట్రోనేషియన్ల నుంచి వాటిలోకి చేరిందని పరిశోధకులు తేల్చారు. బాగుంది. అక్కడే మొక్కజొన్నను ‘బతర్’ అంటారు. ఇదీ ఆస్ట్రోనేషియన్ మాటే, ఒకప్పుడు చిరుధాన్యం పేరు. మొక్కజొన్నేమో 1500 తర్వాత అమెరికా నుంచి వచ్చిన పంట. మాట ఎంత పాతదో వస్తువూ అంతే పాతదనుకుంటే బోల్తా పడతాం.

నాకు అన్నిటికన్నా ఒళ్లు మండించే అపోహ ఇంకొకటుంది: అరువు మాటలు తక్కువుంటే కలయికా తక్కువేనట! ఒక్కసారి కర్‌కర్ దీవికి రండి. పపువా న్యూగినీ ఉత్తర తీరాన, అగ్నిపర్వతం చుట్టూ రెండు భాషలు: ఆస్ట్రోనేషియన్ టకియా, పపువన్ వస్కియా. టకియా మాటలు చాలామట్టుకు సొంతవే. వాక్యం మాత్రం వస్కియాది! టకియా పూర్వభాషలో క్రియ తర్వాత కర్మ వచ్చేది, ‘లో’, ‘తో’ వంటివి నామానికి ముందుండేవి. ఇప్పుడు టకియావాళ్లు ‘మనిషి నన్ను కొడుతున్నాడు’ అనే వరసలోనే మాట్లాడతారు. అవును, అచ్చం మన వరసే. భాషావేత్త మాల్కం రాస్ దీన్ని వివరంగా చూపించారు. రెండు భాషలూ తెలిసినవాళ్లు మాటను తమ గుర్తుగా కాపాడుకుంటారు, అది పైకి వినిపిస్తుంది కాబట్టి. ఆలోచన కూర్చే తీరును ఎవరు కాపలా కాస్తారు? తరాలు గడిచేసరికి రెండు పదకోశాల కింద ఒకే వ్యాకరణం. మహారాష్ట్రలోని కుప్వాడ్ గ్రామంలో కన్నడం, మరాఠీ, ఉర్దూ ఇలాగే దగ్గరయ్యాయని 1971లోనే రాశారు. అక్కడ తెలుగువాళ్లూ ఉన్నారు.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, త్వరగా ముగిస్తాను. ఓడవాళ్ల భాషే గెలుస్తుందంటారు. తప్పు. ఆస్ట్రోనేషియన్ భాష మాట్లాడే మోటు జనం పడవల నిండా కుండలు వేసుకొని సాగో పిండి కోసం పపువా అఖాతానికి వెళ్లేవారు. ఆ బేరాల్లో వాడిన మిశ్రభాషలకు పునాది ఆతిథ్యమిచ్చినవాళ్ల పపువన్ భాషలే. ఇక పైపై పోలికలతో కుటుంబాన్నీ తేల్చలేం: సోలమన్ దీవుల ఐవో భాషను దశాబ్దాలపాటు పపువన్ అన్నారు, కనీసం సగమైనా. 2007లో రాస్, ఓషిల్డ్ నెస్ ధ్వనుల మార్పులను వరసగా సరిచూసి, అది ఆస్ట్రోనేషియనేనని నిరూపించారు.