కుక్కపిల్లకు రోడ్డు భయం పోవాలంటే



మాది గుడివాడ. కిందటేడు దివిసీమలో మా ఆడపడుచు ఇంటినుంచి ఓ కుక్కపిల్లను తెచ్చుకున్నాం. పేరు రాజు. చేలగట్ల మీద ఆడుకుంటూ పెరిగింది. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించి, పశువుల డాక్టరు గారు సరేనన్నాక, ఓ సాయంత్రం బజారుకు బయలుదేరదీశాం. తాడు మా పదేళ్ళ అమ్మాయి చేతిలో ఉంది. జారిపోతుందేమోనని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. ఇంతలో ధాన్యం లారీ ఒకటి హారను కొట్టుకుంటూ వచ్చింది. రాజు బెదిరిపోయి రోడ్డుకు అడ్డంగా ఉరికింది. దాంతోపాటు పిల్లా బోర్లా పడింది. డ్రైవరు ఎలాగో బ్రేకు వేశాడు. మోకాళ్ళు చెక్కుకుపోవడంతో గండం గడిచింది.

ఇంటికి రాగానే నేను కర్ర తీశాను. మా అత్తగారు అడ్డొచ్చి, "దాన్నెందుకే కొడతావూ? దివిలో అది లారీ మొహం ఎన్నడన్నా చూసిందా? అది అల్లరి కాదమ్మాయ్, భయం. కొడితే భయం పోతుందా?" అన్నారు. నిజమేగదా! లారీ వచ్చినప్పుడల్లా దెబ్బ పడితే, లారీ అంటే దానికి మరింత హడలు.

రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ పేరు పిల్లల పుస్తకాల్లో చూసే ఉంటారు. తిండికి ముందు రోజూ ఒకే చప్పుడు వినిపిస్తే, కొన్నాళ్ళకు ఆ చప్పుడు వినగానే కుక్కకు నోరూరుతుందని ఆయన చూపించాడు. మనం చెయ్యవలసిందీ అదే. లారీ వస్తోందంటే తాయిలం వస్తోందని కుక్కకు తోచాలి.

ముందు ఇంట్లోనే మెడపట్టీ, తాడు అలవాటు చెయ్యండి. పెరట్లో మీ పక్కన నడిపించండి. తాడు బిగుసుకుంటే మీరు టక్కున ఆగిపోండి. వదులైతే మళ్ళీ కదలండి. లాగితే ముందుకు పోలేమని అదే తెలుసుకుంటుంది.

తరవాత రోడ్డు కనపడేంత దూరంలో, కాలవగట్టు మీదో ఖాళీస్థలంలోనో నిలబడండి. బండి కనపడగానే ఉడికించిన గుడ్డుముక్క ఒకటి పెట్టండి. బండి వెళ్ళిపోయాక ఆపెయ్యండి. రోజుకు పది నిమిషాలు చాలు. తోక కాళ్ళ మధ్యకు ముడిచినా, చెవులు వెనక్కి వాల్చినా, ఇష్టమైన ముక్క కూడా ముట్టకపోయినా మీరు మరీ దగ్గరికి వచ్చారన్నమాట. వెంటనే వెనక్కి వెళ్ళండి. అది హాయిగా తింటూంటేనే మర్నాడు నాలుగడుగులు ముందుకు వెయ్యండి. తొందరపడి బలవంతంగా లాక్కెళ్తే మళ్ళీ మొదటికొస్తుంది.

రోడ్డుమీద నడిచేటప్పుడు వాహనాల వైపు మీరుండాలి, కుక్క లోపలివైపు ఉండాలి. మన ఎండాకాలంలో తారురోడ్డు మీద చెయ్యి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి, పొద్దున్నే తీసుకెళ్ళండి. తాయిలం అన్నాం కదా అని చాక్లెట్టు, ద్రాక్ష, ఉల్లిపాయ మాత్రం పెట్టకండి. అవి కుక్కకు విషం.

మాకు రెండు నెలలు పట్టింది. మొన్న సంక్రాంతికి బందరులో మా పుట్టింటికి వెళ్ళినప్పుడు కోనేరు సెంటరు దాకా తీసుకెళ్ళాను. బస్సు హారను వినపడగానే రాజు ఆగి, బస్సును చూసి, తల తిప్పి నా చేతివంక చూసింది! ఆ క్షణాన మా అత్తగారి మాటే గుర్తొచ్చింది.

"ఇప్పుడు నేను పట్టుకోనా అమ్మా?" అని అమ్మాయి అడిగింది. తాడు చివర నేను పట్టుకుని, మధ్యలో దాని చేతికిచ్చాను. ఒక్క సంగతి మరిచిపోకండి: కుక్క ఎంత నేర్చినా పిల్లలొక్కరి చేతికే తాడివ్వకండి. ఎవరు పట్టుకున్నా మణికట్టుకు మాత్రం చుట్టుకోకండి.

సెలవు.