పత్రి నెరిగిన పూజ



ఆలయ జీర్ణోద్ధరణకు, కుంభాభిషేకమునకు చేయూతనిచ్చిన మీ అందరికీ నమస్సులు. శిల్పము గురించి, దాతల వితరణ గురించి పెద్దలు చెప్పియున్నారు. దేవునికి నిత్యము అందెడి ఆకు, పువ్వు గురించి నేను నాలుగు మాటలు మనవి చేసెదను.

వినాయక చవితినాడు 21 పత్రములతో పూజింతుము. బజారులో కొన్న పత్రి కట్టను విప్పి, ఒక్కొక్క ఆకునకు పేరు చెప్పగలవారు మనలో ఎందరు? నామము శుద్ధముగానే ఉచ్చరింతుము. చేతిలోని ఆకు మాత్రము ఏదో ఒకటి. అర్కమనగా జిల్లేడు, అపామార్గమనగా ఉత్తరేణి, సింధువారమనగా వావిలి, బదరి యనగా రేగు. వీనిని తోటలో పెంచనక్కరలేదు. చెరువు గట్టున, పాత గోడ వారన వాటంతట అవే మొలచును. హిమాలయముల దేవదారు మనకు దొరకదు. దానికి బదులు అక్షతలు సమర్పించుట ఉన్నదే. కాని ఉత్తరేణి సైతము దొరకలేదనుట మన గచ్చిబౌలి వంటి చోటనే వినవలెను!

అపార్టుమెంటులో నేల ఎక్కడిదని మీరు అడుగవచ్చును. తులసి, మరువము, మాచిపత్రి, గరిక కుండీలోనే పెరుగును. తులసి ఎండిపోయినదని బాధపడువారు పెక్కుమంది. ఎండ తగలని బాల్కనీలో, అడుగున రంధ్రము లేని కుండీలో, ఆఫీసుకు పోవు తొందరలో రోజూ చెంబెడు నీరు గుమ్మరించినచో వేరు కుళ్లును. పైమట్టి ఆరిన పిదపనే నీరు పోయవలెను. కంకులు విత్తు కట్టకముందే గిల్లినచో మొక్క గుబురుగా పెరిగి ఎక్కువకాలము నిలుచును. ఉమ్మెత్త, గన్నేరు విషపూరితములు. పసిపిల్లలున్న ఇంట వలదు. జిల్లేడు పాలు కంట పడరాదు.

కుండీలో ఇమడనిది జమ్మి. దాని వేరు నీటికై భూమిలో ఎంతో లోతునకు దిగును. తెలంగాణ రాష్ట్రవృక్షము కూడ అదియే. దసరానాడు ఇంటికొక కొమ్మ చొప్పున విరిచినచో చెట్టునకు మిగులునదేమి? తిరుమల కొండపై పూచిన పువ్వు స్వామికే చెందునని, భక్తులు తలలో తురుముకొనరాదని ఆచారము కలదు. అట్టి సంయమనము జమ్మి ఎడల చూపరాదా? చెట్టు కడకే పోయి ప్రదక్షిణము చేసి, ఒక్క రెమ్మతో తృప్తిపడవచ్చును. మరియొక మాట. అమెరికా ఖండమునుండి వచ్చిన సర్కారు తుమ్మను చూచి జమ్మి యని భ్రమపడువారున్నారు. తుమ్మకు ముళ్లు కణుపు వద్ద జంటగా ఉండును. జమ్మికి పొట్టి ముళ్లు కణుపుల నడుమ చెదరి యుండును.

ఇక ఇల్లు దాటి చూతము. కొత్తగూడలో కోట్ల విజయభాస్కర రెడ్డి బొటానికల్ గార్డెన్ 274 ఎకరములలో ఉన్నది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గండశిలల నడుమ సీతాఫలము, తంగేడు పెరుగుచున్నవి. దానిని ఆనుకొన్నదే కంచ గచ్చిబౌలి. కంచ యనగా పశువుల మేతకై విడిచిన బీడు. అక్కడి 400 ఎకరములలో 2025 మార్చి చివరన యంత్రములతో చెట్లు తొలగింపసాగిరి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులన్నియు నిలుపుమని ఆదేశించినది. ఆ నేల ఎవరిదన్న వాదము నా విషయము కాదు. బీడు, పొద అని మనము తీసిపారవేయునదే మన పూజాద్రవ్యములు పుట్టెడి చోటు. బతుకమ్మకు తంగేడు, గునుగు ఏ నర్సరీనుండి వచ్చినవి? ఈనాడు రంగు అద్దిన గునుగును కట్టల లెక్కన కొనుచున్నామన్నచో, నడిచిపోయి కోసికొనుటకు బీడు మిగులలేదనియే అర్థము. తంగేడు ఆకును పశువులు ముట్టవు, బెరడు తోలు పదును చేయుటకు పనికివచ్చును, పువ్వు గౌరమ్మకు. నీరు పోసినవారు లేకున్నను వానల వెనుక పసుపుగా విరబూయును.

రానున్న చవితికి పత్రి కొనకముందు ఒక ఉదయము పిల్లలను వెంటబెట్టుకొని మీ వీధి చివరి ఖాళీ స్థలము వరకు నడువుడు. పూజాకల్పము పుస్తకము చేతనుంచుకొనుడు. జిల్లేడు, రేగు మొదట కనబడును. ఉత్తరేణిని వెదకనక్కరలేదు, దాని కంకి బట్టలకు అంటుకొని మీ వెంటనే ఇంటికి వచ్చును.